గేటు దగ్గర నిలబడింది కూడా సైనికుడే

మా పొద్దుటి నడక విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి దగ్గర మొదలై మళ్లీ అక్కడే ముగుస్తుంది. నాతో నడిచే పెద్దమనిషి నేవీలో చీఫ్ పెట్టీ ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. కాలనీ అంతా ఆయన్ని చీఫ్ గారనే పిలుస్తుంది. నేను బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి, చివరి ఆరేళ్లు బ్రాంచి మేనేజరుగా కూర్చుని దిగిపోయాను. ఆయనకు మాత్రం ఎప్పటికీ మేనేజరు గారినే.

2025 మార్చిలో ఒక పొద్దున చీఫ్ గారు మంచి ఊపు మీద ఉన్నారు. మయన్మార్ సరిహద్దులోని సైబర్ మోసాల శిబిరాల నుంచి బయటపడిన భారతీయులను మన వాయుసేన థాయ్‌లాండ్‌లోని మే సోట్ పట్టణం నుంచి తీసుకొచ్చింది. 10వ తేదీన 283 మంది, మర్నాడు 266 మంది. "అంత దూరం విమానం వెళ్లింది కదా మేనేజరు గారూ. అందులోనే వంద మంది కమాండోలను ఎక్కించి ఉంటే వారం రోజుల పని. మనుషులను తెచ్చుకోవడం ఒక్కటేనా, ఆ కొంపలే లేకుండా చేసి రావచ్చు" అన్నారు.

నేను అవునన్నాను. మొహమాటానికి అనలేదు, మనస్ఫూర్తిగానే అన్నాను. కారణం ఉంది. నా ఉద్యోగం చివరి ఏడాది ఒక మధ్యాహ్నం రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు ఎఫ్‌డీలన్నీ రద్దు చేయమని వచ్చారు. చెవి దగ్గర ఫోను, చొక్కా వీపున చెమట. ఎందుకండీ అని అడిగితే మా అబ్బాయి ఇల్లు కొంటున్నాడన్నారు. ఆయనకు ఇద్దరూ ఆడపిల్లలేనని మా క్లర్కుకు తెలుసు. అవతలి వాడు ముంబయి పోలీసునని చెప్పి, డిజిటల్ అరెస్టు అని ఒక మాట పుట్టించి, ముందురోజు నుంచి ఆయన్ని కెమెరా ముందు నుంచి లేవనివ్వలేదు. బ్యాంకుకు వెళ్లేటప్పుడు కూడా ఫోను పెట్టేయకూడదని ఆదేశం. మేము ఆ ఫోను లాక్కుంటే ఆయన నా రెండు చేతులూ పట్టుకొని, "పెట్టేయకండి, నన్ను తీసుకుపోతారు" అని ఏడ్చారు. నలభై ఏళ్లు పిల్లలను గడగడలాడించిన మనిషి. ఎఫ్‌డీలు దక్కాయి కానీ ముందురోజు నెట్ బ్యాంకింగులో పంపిన ఆరు లక్షలు దక్కలేదు. ఆ పని చేసినవాళ్ల మీదకు కమాండోలను పంపుదామంటే ఎవరికి మాత్రం చేదు?

నా మాట నేను వెనక్కి తీసుకోవలసి వచ్చింది మా వీధి కుర్రవాడి వల్ల.

అతని పేరు రాయను. పాలిటెక్నిక్ చదివాడు, తండ్రి ఆటో నడుపుతాడు. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమంటే ఏజెంటుకు లక్షన్నర కట్టి వెళ్లాడు. విమానాశ్రయంలో కారు ఎక్కించుకున్నారు. పగలంతా ప్రయాణం, చీకటి పడ్డాక ఒక సన్నటి నది, పడవ. "అవతలి ఒడ్డు ఇంకో దేశమని రెండో రోజు తెలిసింది బాబాయ్ గారూ" అన్నాడు. ఆ నది పేరు మోయీ. ఇటు థాయ్‌లాండ్ వారి మే సోట్, అటు మయన్మార్ వారి మ్యావడ్డీ. వేసవిలో మోకాలి లోతు నీళ్లు ఉండే చోట్లు కూడా ఉంటాయట.

అక్కడ అతని ఉద్యోగం ఒక అమ్మాయిగా బతకడం. ముందున్న బల్ల మీద ఎనిమిది ఫోన్లు. ప్రతి ఫోనులోనూ ఆ అమ్మాయికి ఒక ఊరు, ఒక పెంపుడు కుక్క, చనిపోయిన ఒక నాన్న. పొద్దున పలకరింపు, మధ్యాహ్నం తిన్నారా అని వాకబు, పది రోజులకు పెట్టుబడి కబురు. చైనీయులు దీనికి పెట్టిన పేరు పందిని మేపి కోయడం. రోజుకు పదహారు గంటల పని. లక్ష్యం తప్పితే ఎండలో బస్కీలు, అదీ చాలకపోతే కరెంటు తీగ. ఇప్పుడు మా వరండాలో కూర్చుని ఈ కథ చెప్తున్నప్పుడు కూడా అతని బొటనవేళ్లు మోకాలి మీద వాటంతట అవి ఆడుతూనే ఉన్నాయి, ఎవరికో జవాబు రాస్తున్నట్టు.

చీఫ్ గారి వారం రోజుల పని నా బుర్రలో ఉంది కాబట్టి అడిగాను: "గేటు దగ్గర తుపాకులతో ఉండేది ఎవరురా? రౌడీలా?"

"కాదు బాబాయ్ గారూ, మిలిటరీ వాళ్లే. యూనిఫాం, బూట్లు, భుజం మీద పట్టీ అన్నీ ఉంటాయి. పారిపోయిన వాళ్లను పట్టి తెచ్చి అప్పగించేది వాళ్లే."

ఈ ఒక్క జవాబు దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. ఆ తర్వాత చదివినదంతా దాన్ని అర్థం చేసుకోవడానికే.

ఆ భుజం పట్టీల కథ ఇది. మయన్మార్ సైన్యం సరిహద్దుల్లోని తిరుగుబాటు దళాలతో దశాబ్దాలుగా పోరాడి, 2009, 2010 సంవత్సరాల్లో ఒక ఉపాయం పన్నింది. లొంగి వచ్చిన దళాలను సరిహద్దు రక్షక దళం అనే పేరుతో తన కిందకు తెచ్చుకుంది. యూనిఫాం ఇచ్చింది, జీతమిచ్చింది, వాళ్ల ప్రాంతంలో వాళ్ల వ్యాపారాలకు అడ్డు చెప్పనని మాటిచ్చింది. మ్యావడ్డీ వైపు ఆ దళానికి నాయకుడు సా చిట్ థు అనే కరెన్ జాతి కల్నలు. కాసినోలు ముందు వచ్చాయి. కోవిడ్ కాలంలో జూదగాళ్లు రాక ఆగిపోయేసరికి ఆ భవనాల్లోకి కంప్యూటర్లు చేరాయి, వాటి ముందు కూర్చోబెట్టడానికి మా వీధి కుర్రవాడి లాంటి వాళ్లను తెచ్చారు. కేకే పార్కు, ష్వే కొక్కో అనే మోసాల శిబిరాలు ఆ గడ్డ మీదే లేచాయి. స్థలం దళానిది, కాపలా దళానిది, అద్దె దళానికి. 2022లో మయన్మార్ సైనిక ప్రభుత్వం సా చిట్ థుకు గౌరవ బిరుదు కూడా ఇచ్చింది. 2024లో ఆయన తన దళానికి కరెన్ జాతీయ సైన్యమని పేరు మార్చి, సైన్యంతో సంబంధం లేదన్నాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో మ్యావడ్డీ తిరుగుబాటుదారుల చేతికి పోయినప్పుడు, మళ్లీ సైన్యానికి దారిచ్చింది ఆ దళమే. 2025 మేలో అమెరికా ఆర్థిక శాఖ ఆ దళాన్నంతటినీ అంతర్దేశీయ నేర ముఠాగా ప్రకటించి ఆంక్షలు పెట్టింది.

అంటే చీఫ్ గారూ, మీరు సైన్యాన్ని పంపమంటున్నది ఇంకో సైన్యం అద్దెకిచ్చిన ఇంటి మీదకు.

ఇది మ్యావడ్డీ ఒక్కచోటి జబ్బు అయితే వదిలేయవచ్చు. మయన్మార్‌లోనే చైనా సరిహద్దున ఉన్న కొకాంగ్ ప్రాంతం కథ ఇంకా ఘోరం. 2009 ఆగస్టులో అక్కడ ఒక ఆయుధాల మరమ్మతు కర్మాగారంలో మాదకద్రవ్యాలు తయారవుతున్నాయని మొదలైంది గొడవ. సోదాగా మొదలై సైనిక దాడిగా ముదిరింది. 30 వేల మందికి పైగా జనం సరిహద్దు దాటి చైనాలోకి పారిపోయారు. దాడి నడిపిన సేనాని మిన్ ఆంగ్ హ్లయింగ్, తర్వాత 2021లో దేశాన్నే చేజిక్కించుకున్నవాడు. పాత నాయకుణ్ణి తరిమేసి అతని కింద పనిచేసిన బై సువోచెంగ్‌ను గద్దె మీద కూర్చోబెట్టారు. మాదకద్రవ్యాల మీద సైనిక చర్య విజయవంతం. ఆ తర్వాత పదేళ్లలో ఆ బై కుటుంబం, దానితోపాటు మింగ్ వంటి మరికొన్ని కుటుంబాలు కొకాంగ్ రాజధాని లౌక్కాయ్‌ను ఆసియాలోనే పేరుమోసిన మోసాల పట్టణంగా మార్చాయి. నేరం మీద యుద్ధం అని వెళ్లిన సైన్యం చేసిందల్లా ఒక కౌలుదారును ఖాళీ చేయించి మరొకణ్ణి దింపడం.

ఇక్కడ చీఫ్ గారి తరఫున నేనే వాదించాలి, ఎందుకంటే ఆయనకు గట్టి సాక్ష్యం ఉంది. అదే లౌక్కాయ్‌ని చివరికి తుడిచిపెట్టింది కూడా తుపాకీయే. 2023 అక్టోబరు 27న మూడు తిరుగుబాటు సేనలు కలిసి దాడి మొదలుపెట్టి, తమ లక్ష్యాల్లో సైబర్ మోసాల నిర్మూలన ఒకటని ప్రకటించాయి. 2024 జనవరి మొదటి వారంలో పట్టణం పడిపోయింది. బలం పనికిరాదని వాదించేవాళ్లు ఈ సంగతి దాటవేస్తారు. నేను దాటవేయను. ఆ దాడి లేకపోతే ఆ కుటుంబాలు ఇంకా అక్కడే ఉండేవి.

కానీ ఆ తుపాకుల వెనక ఏమి జరిగిందో కూడా చూడాలి కదా. పట్టణం పడకముందే చైనా పోలీసులు ఆ కుటుంబాల పేర్ల మీద వారెంట్లు తెచ్చారు, నిందితుల ఫొటోలతో ప్రకటనలు వేశారు. 2023 ముగిసేలోపే ఉత్తర మయన్మార్ నుంచి 41 వేల మంది అనుమానితులు చైనా చేతికి వచ్చారు. ఆ మీదట విచారణలు, సాక్ష్యాలు, ఖాతాల లెక్కలు. 2025 సెప్టెంబరులో వెన్‌జౌ కోర్టు మింగ్ ముఠాలో 11 మందికి మరణశిక్ష వేసింది. ఆ శిక్షలు సరైనవా, ఆ కోర్టు ఎలాంటిదన్నది వేరే చర్చ. నాకైతే మరణశిక్షలంటే గిట్టదు. నేను చెప్పేది ఏమిటంటే, పట్టుకున్నవాణ్ణి ఎక్కడికి తీసుకెళ్లాలో ముందే సిద్ధం చేసుకున్న పోలీసు, కోర్టు ఆ తుపాకీకి ఒక అర్థం ఇచ్చాయి. అయినా లౌక్కాయ్ నుంచి చాలామంది దక్షిణానికి, కంబోడియాకు సర్దుకున్నారు. కంబోడియా అంటే విశాఖలో చెప్పనక్కరలేదు. 2024 మేలో సిహనూక్‌విల్‌లో మనవాళ్లు తిరగబడిన వీడియోలు ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఏడుస్తూ చూశారో.

మెక్సికో గురించి రెండు ముక్కలు, అంతకంటే అవసరం లేదు. 2006 డిసెంబరులో అధ్యక్షుడు కాల్డెరోన్ మాదకద్రవ్యాల ముఠాల మీదకు సైన్యాన్ని దింపాడు. అప్పటికే ఆ దేశంలో జెటాస్ అనే అతి క్రూరమైన ముఠా పుట్టి ఉంది, దాన్ని పెట్టినవాళ్లు సైన్యంలోని ప్రత్యేక దళం నుంచి పారిపోయిన జవాన్లు. అంతకు ముందు 1997లో మాదకద్రవ్యాల నిర్మూలనకు అధిపతిగా పెట్టుకున్న జనరల్ గుత్యెర్రెస్ రెబోయో ఒక ముఠాకు అమ్ముడుపోయాడని జైలుకు పోయాడు. ముఠాలకు డబ్బుకు లోటు లేదు, శిక్షణ పొందిన మనుషులకే లోటు. సైన్యాన్ని వాళ్ల పక్కన నిలబెట్టడమంటే ఆ లోటు తీరే దారి చూపించడం.

ఇదంతా చీఫ్ గారికి చెప్పాను, ఒక్క పూటలో కాదు, నాలుగైదు నడకల్లో. ఆయన ఓపిగ్గా విని, కురుసుర దగ్గర బెంచీ మీద కూర్చుని అన్నారు: "మరి రుయెన్ సంగతి ఏమంటారు?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ఎంవీ రుయెన్ అనే సరుకు ఓడను సోమాలీ సముద్రపు దొంగలు 2023 డిసెంబరులో పట్టుకొని, మరిన్ని ఓడలను దోచడానికి దాన్నే తల్లి ఓడగా వాడబోయారు. 2024 మార్చిలో ఐఎన్‌ఎస్ కోల్‌కతా దాన్ని అడ్డగించింది. మన తీరానికి దాదాపు 2,600 కిలోమీటర్ల దూరంలో, సీ-17 విమానం నుంచి నేవీ మార్కోస్ కమాండోలు పడవలతో సహా సముద్రంలోకి దిగారు. దాదాపు 40 గంటల పని. 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది సిబ్బంది ప్రాణాలతో బయటపడ్డారు. ఆ కథ చెప్పేటప్పుడు చీఫ్ గారి వెన్ను నిటారుగా అవుతుంది. కావలసిందే.

రుయెన్ విషయంలో నేను ఆయనతో పూర్తిగా ఏకీభవిస్తాను. నడిసముద్రంలో పోలీసు స్టేషను లేదు, అక్కడికి చేరగలిగింది యుద్ధనౌక ఒక్కటే. ఆ ఓడ చుట్టూ ఊరు లేదు, కూరగాయల సంత లేదు, అద్దె తీసుకునే కల్నలు లేడు. అన్నిటికంటే ముఖ్యమైనది ఆ తర్వాత జరిగింది. వారం తిరగకుండా 35 మందినీ ఓడలో ముంబయి తెచ్చి పోలీసులకు అప్పగించారు. 2022లో చేసుకున్న సముద్రపు దొంగతనాల నిరోధక చట్టం సిద్ధంగా ఉంది, దాని కింద కేసు పెట్టారు. నేవీ తన పని చేసి పక్కకు తప్పుకుంది.

దీని పక్కన ఇంకో సముద్రాన్ని పెట్టి చూడండి. 2025 సెప్టెంబరు 2న అమెరికా సైన్యం కరీబియన్‌లో మాదకద్రవ్యాలు తెస్తోందని చెప్పి ఒక పడవను పేల్చేసింది. 11 మంది చనిపోయారని అధ్యక్షుడే ప్రకటించాడు. ఆ తర్వాత అలాంటివి ఇంకా చాలా పేల్చారు. ఆ పడవలో ఉన్నవాళ్లు దొంగలో కాదో ఇక ఎవరికీ తెలియదు. దొంగలే అనుకుందాం. సరుకు ఎవరు ఇచ్చారు, డబ్బు ఏ ఖాతాకు పోతుంది, ఒడ్డున ఎవరు దించుకుంటారు అని అడగడానికి ఒక్క నోరు మిగలలేదు. బ్యాంకులో ఫ్రాడ్ జరిగినప్పుడు ఫైలు తగలబెట్టి కేసు మూసేసినట్టుంది.

ఫైలు అన్నాను కాబట్టి నా ఫైలు గురించి కూడా చెప్పాలి. ఇది చీఫ్ గారికి ఇప్పటిదాకా చెప్పలేదు.

నా బ్రాంచిలో ఒక కరెంటు ఖాతా ఉండేది. సెల్‌ఫోను కవర్ల దుకాణం పేరు మీద. ఇరవై రెండేళ్ల కుర్రవాడు ఉద్యమ్ సర్టిఫికెట్, పాన్ కార్డు, అద్దె ఒప్పందం అన్నీ తెచ్చాడు. మార్చి నెలాఖరు, కరెంటు ఖాతాల లక్ష్యానికి మేము ఇంకా వెనకబడి ఉన్నాం. దుకాణం చూసి రావాలి. చూశామని రాసి ఉన్న కాగితం మీద నేను సంతకం పెట్టాను, చూడలేదు. మూడు నెలలు ఆ ఖాతాలో పన్నెండు వేలకు మించి లేదు. ఆ తర్వాత ఒక రెండో శనివారం, బ్యాంకుకు సెలవు రోజు, మధ్యాహ్నం నలభై నిమిషాల్లో 87 లక్షలు లోపలికి వచ్చి బయటికి పోయాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, ముప్ఫైకి పైగా ఖాతాల్లోకి చీలిపోయాయి. సోమవారం వేరే రాష్ట్రం పోలీసుల నుంచి మెయిలు వచ్చేసరికి లీన్ పెట్టడానికి, అంటే డబ్బు కదలకుండా ఆపడానికి, అందులో మిగిలింది నాలుగు వేలు. ఆ కుర్రవాడిని పిలిపిస్తే పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము కలిపి పదిహేను వేలకు ఎవరికో ఇచ్చేశానన్నాడు. తప్పు చేశానన్న బెదురు కూడా లేదు. బండి అద్దెకు ఇచ్చినట్టు ఖాతా అద్దెకు ఇచ్చాడు.

ఆ 87 లక్షల్లో ఏ లెక్కల మాస్టారి ఆరు లక్షలు ఉన్నాయో నాకు తెలియదు. మోయీ నది ఒడ్డున కూర్చున్నవాడికి విశాఖలో ఒక ఖాతా లేకపోతే అతని ఎనిమిది ఫోన్లూ ఆటబొమ్మలేనని మాత్రం తెలుసు. 2024లో ఇలాంటి మోసాల్లో మన దేశ ప్రజలు పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలని కేంద్ర హోం శాఖ పార్లమెంటుకు చెప్పింది. అంత డబ్బు సంచుల్లో దేశం దాటలేదు. కేవైసీ పూర్తయిన ఖాతాల గుండా, నాలాంటి వాళ్ల సంతకాల మీదుగా వెళ్లి, చివరికి క్రిప్టోగా మారి గాలిలో కలిసింది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేసిన మొదటి గంటలో ఖాతాను స్తంభింపజేయగలిగితే డబ్బు ఆగుతుంది. ఆ గంటలో ఫోను ఎత్తే మనిషి, అర్ధరాత్రి మెయిలు చూసే బ్యాంకు ఉద్యోగి, రాష్ట్రాల మధ్య జాప్యం లేకుండా కదిలే కాగితం, ఇవి మనకు చాలినన్ని లేవు. కమాండోలు ఉన్నారు.

ఈ ముఠాల మీద నాకు తెలిసిన అతి పెద్ద దెబ్బ కూడా కాగితం మీద పడిందే. 2025 అక్టోబరులో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ ప్రాసిక్యూటర్లు కంబోడియాలోని ప్రిన్స్ గ్రూపు అధిపతి చెన్ జీ మీద అభియోగ పత్రం బయటపెట్టి, 1,27,271 బిట్‌కాయిన్ల జప్తు కోరారు. అప్పటి ధర ప్రకారం దాదాపు 1,500 కోట్ల డాలర్లు. ఆ కాయిన్లు అప్పటికే అమెరికా ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. తుపాకీ పేలిన చప్పుడు లేదు.

అదే నెలలో మయన్మార్ సైన్యం కేకే పార్కు మీద దాడి చేశానని టీవీలో చూపించుకుంది. ఉపగ్రహం నుంచి ఇంటర్నెట్ అందుకునే 30 స్టార్‌లింక్ పెట్టెలు స్వాధీనం. ఆ తర్వాత భవనాలను మందుగుండుతో కూల్చేశారు. పేలుడు వీడియో చాలా బాగుంది, చీఫ్ గారు నాకు వాట్సాప్‌లో పంపారు. 1,500 మందికి పైగా నది దాటి మే సోట్‌కు పరుగెత్తారు, వారిలో దాదాపు 500 మంది మనవాళ్లు, మళ్లీ మన వాయుసేన విమానాలు వెళ్లాయి. విమానం వెళ్లినందుకు నాకు సంతోషమే. ఆ పని సైన్యం తప్ప అంత త్వరగా ఇంకెవరూ చేయలేరు. కానీ యజమానులు ఎక్కడ? బేడీలతో ఒక్కరినైనా చూపించారా అని వీడియో రెండుసార్లు చూశాను. గోడలే కనిపించాయి.

మా వీధి కుర్రవాడు ఈ మధ్య సైబర్ పోలీసు స్టేషనుకు వెళ్లి వాంగ్మూలం ఇచ్చి వచ్చాడు. తోడుగా నేను వెళ్లాను. కానిస్టేబులు చిన్నవాడు, రెండు వేళ్లతో టైపు చేశాడు. మూడు గంటలు పట్టింది. మధ్యలో ఒకసారి కరెంటు పోతే, పోయిన పేరా మళ్లీ మొదటి నుంచి అడిగి కొట్టుకున్నాడు. నది పేరుకు స్పెల్లింగు నన్ను అడిగాడు. గేటు కాపలావాళ్ల గురించి రెండు వాక్యాలు, ఏజెంటు గురించి రెండు పేజీలు. మనుషుల చేత డబ్బు ఏ ఖాతాలకు వేయించేవాడివి అని అడిగితే ఐదు నంబర్లు గుర్తున్నాయన్నాడు, చెప్పాడు.

సాయంత్రం మా వరండాలో టీ తాగుతూ మళ్లీ ఆ మాటే ఎత్తాడు. "ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లు, అదే బ్యాంకు బ్రాంచిల నంబర్లు, ఇంకా కొన్ని గుర్తొస్తున్నాయి బాబాయ్ గారూ. రోజుకు వందసార్లు అతికించేవాళ్లం కదా." కళ్లు మూసుకుని ఒకటి మొదలుపెట్టాడు. మొదటి నాలుగు అక్షరాలు మా బ్యాంకువి. మిగతా ఏడూ చెప్పబోతుంటే, టీలో పంచదార చాలలేదని నేను లోపలికి కేక వేశాను.